రెండు వేళ్ళ నడుము

ఆడమనిషి నడుముని రబ్బరుతో తగ్గించవచ్చని నమ్మిన మగవాణ్ణి ఈ భూమి మీద నేనొక్కణ్ణే అయివుంటాను. తిండి మానేసి తగ్గించుకున్నవాళ్ళున్నారు. నడిచి తగ్గించుకుందామని బయల్దేరి మోకాళ్ళు అరగదీసుకున్నవాళ్ళున్నారు. నేను మాత్రం ఒక మధ్యాహ్నం శుభ్రంగా అన్నం తిని, చేయి కడుక్కుని, మా వరండాలో నిలబడి, ఆఫీసు నుంచి తెచ్చిన తెల్లరబ్బరుతో ఒక పరాయి స్త్రీ నడుముని రెండు వేళ్ళ మేర చెరిపాను. పరాయి స్త్రీ అంటే బొమ్మలో స్త్రీయే. కాకపోతే ఆ బొమ్మ తాలూకు మనిషి మర్నాడు పొద్దున్నే చేపల తట్టతో మా గేటు ముందుకి వచ్చే మనిషి. చిక్కంతా అక్కడ వచ్చింది.

అంత గొప్ప తెలివి నాకెలా పుట్టిందో చెప్పాలంటే నా ఉద్యోగం సంగతి చెప్పాలి. మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇబ్రహీంపట్నంలో అద్దెకు దిగాం. హైదరాబాదు నాలుగు దిక్కులా కాళ్ళు చాపుకుంటున్న రోజులవి. సాగర్ రోడ్డు పక్కన నిన్న కందిచేను చూసిన చోట ఇవాళ సున్నం కొట్టిన హద్దురాళ్ళు కనిపించేవి. అటు యాచారం వెళ్ళినా ఇటు రావిర్యాల వెళ్ళినా దారి పొడుగునా రంగుజెండాలు, ఖాళీ నేలకి పెద్ద పెద్ద కమాన్లు. అలాంటి ఒక కమాను వెనకాల ఉన్న వెంచర్ ఆఫీసులో నేను లేఅవుట్లు గీసేవాణ్ణి.

మా యజమాని అక్కడివాడే, వ్యవసాయం చేసుకునే కుటుంబం. వయసులో నాకంటే చిన్న, హోదాలో నాకంటే చాలా పెద్ద. అందుకని ఆయన నన్ను 'అన్నా' అనేవాడు, నేను ఆయన్ని 'సార్' అనేవాణ్ణి. మంచివాడు. ఆకలేస్తే తన డబ్బాలోది నాకు పెట్టేవాడు. పని దగ్గర మాత్రం ఆయనది ఒకటే మాట: "ఇంకొక్క ప్లాటు ఎల్లాలె అన్నా. జర అడ్జస్ట్ చెయ్యి." నేను పార్కుని ఇటుపక్క కాస్త నొక్కి, రోడ్డుని అటుపక్క కాస్త గోకితే, కాగితం మీద ఇంకొక్క ప్లాటు వచ్చేది. పార్కు అరిచేది కాదు, రోడ్డు ఏడ్చేది కాదు. రబ్బరు పెట్టి చెరిపి, స్కేలు పెట్టి గీసి, ఇంటికొచ్చి పడుకునేవాణ్ణి. గీతలు గీసి బతకమని నా గీత.

ఇంట్లో గీసేవాళ్ళు ఇంకొకరున్నారు, మా ఆవిడ. ఆవిడ గీతకి స్కేలు లేదు, రబ్బరూ లేదు. పాస్టెల్ రంగులు వాడేది. చూడ్డానికి బడిలో సుద్దముక్కల్లా ఉంటాయి, చేత్తో పట్టుకుంటే పొడి రాలుతుంది. గరుకు కాగితం మీద రుద్ది, ఆ పొడిని బొటనవేలితో మెల్లగా అద్దితే, కాగితం మీద చర్మం పుట్టుకొచ్చేది. మిగిలిన పొడి మా ఇల్లంతా పుట్టుకొచ్చేది. నా ఇడ్లీ మీద నీలం వేలిముద్ర. మజ్జిగ గ్లాసు మీద గోధుమరంగు. ఒకరోజు చెంప మీద ఎర్రరంగుతో ఆఫీసుకి పోతే అందరూ చుట్టూ చేరారు. "మా ఆవిడదేనండీ" అంటే ఒక్కడూ నమ్మలేదు.

ఆవిడ గీసేది ఆడవాళ్ళనే. అదీ ఎక్కువగా వెనక నుంచి. పిల్లకి పాలిస్తూ గోడవైపు తిరిగి కూర్చున్న పక్కింటి కోడలు. తల ఒక పక్కకి వంచి జుట్టు ఆరబెట్టుకుంటున్న కాలేజీ అమ్మాయి. నాట్లు వేసి వచ్చి నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని వెనక్కి విరుచుకుంటున్న ఒక పెద్దావిడ. ఆ వెన్నుపూస రవికె కింద నుంచి లెక్కపెట్టుకోవచ్చు. వెన్ను చూపడమంటే పారిపోవడమని నేను చదువుకున్నాను. ఈ బొమ్మల్లో వెన్నుచూపిన వాళ్ళు ఒక్కరూ పారిపోయేలా లేరు. నాకే, చూస్తే పారిపోవాలనిపించేది.

ఒకసారి అడిగాను, ముఖాలెందుకు గీయవని.

"ముఖం గీస్తే బాగుందో బాగాలేదో క్షణంలో తేల్చేసి వెళ్ళిపోతారండీ. వీపు గీస్తే కాసేపు నిలబడతారు" అంది.

మా ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడు నాకు మహా ఇబ్బందిగా ఉండేది. మా పెద్దనాన్న ముందు ఆ నడుములూ ఆ మెడలూ ఎలా పెట్టను? ఆయన గేటు తీస్తున్న చప్పుడు కాగానే బొమ్మలన్నిటినీ గబగబా గోడవైపు తిప్పేశాను. మా ఆవిడ కాఫీ తెస్తూ చూసి, నా చెవిలో, "అలా తిప్పితే ముఖాలు కనబడతాయనా?" అంది.

చేపలమ్మే ఆవిడ బొమ్మ కూడా మా వరండాలోనే పుట్టింది. పెద్ద చెరువులో నీళ్ళున్న ఏడాది. ఆవిడ వారానికి రెండు మూడుసార్లు బొచ్చె చేపలో రవ్వ చేపలో తట్టలో వేసుకుని, ఆ తట్టని నడుం మీద ఒక పక్కకి ఆనించి వచ్చేది. నలభై దాటిన మనిషి. మా ఆవిడని చెల్లె అని పిలిచేది, నన్ను సారూ అనేది. ఆ 'సారూ'లో మర్యాద పాలు తక్కువ, వెటకారం పాలు ఎక్కువ.

మా ఆవిడ చాన్నాళ్ళు ఆమె నిలబడే తీరు చూసి, చివరికి, "అక్కా, నిన్ను గీయనా?" అని అడిగింది.

"నన్నా? నాల ఏమున్నదని గీస్తవ్ చెల్లె?"

"నువ్వు తట్ట పెట్టుకుని నిలబడతావు చూడు, అది."

ఆవిడ తట్ట నడుం మీద సర్దుకుంది. "గీస్తె మొత్తం గియ్యి మరి. సగం సగం గీసి నన్ను సక్కదనాల బొమ్మను చేస్తె ఊకోను."

పూర్తయ్యాక తట్ట కింద పెట్టి, బొమ్మ ముందు గొంతుక్కూర్చుని చూసింది. రెండు మడతలు పడిన నడుము, ఆ మడత మీద కుదురుగా కూర్చున్న తట్ట, దాని అంచు రోజూ ఒరుసుకుని నల్లబడిన చోటు, చెమటకి తడిసి వీపుకి అంటుకున్న రవికె. "నా ఎన్క గింతుంటదా! ఇన్నేండ్ల సంది నా ఎంబడే తిరుగుతున్నది, ఒక్కపారి గూడ సూడకపోతి" అని పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక ఆ మడత దగ్గర వేలు పెట్టబోయి, రంగు అంటుకుంటుందని వెనక్కి తీసుకుంది.

సరిగ్గా ఆ వారంలోనే మా యజమాని ఏదో మ్యాపు కోసం మా ఇంటికొచ్చాడు. నేను బొమ్మలు తిప్పే లోపలే చూసేశాడు.

"గివన్ని వదిన గీసిందా అన్నా? మస్తున్నయ్ గదా! ఇన్నొద్దులు దాసిపెట్టినవా?"

వెంచర్‌లో క్లబ్ హౌస్ కడుతున్నారు. హాలు గోడలకి ఏం పెట్టాలో ఆయనకి తోచడం లేదట. ఆరు బొమ్మలు ఎంచాడు. మా ఆవిడ ముఖం అంతకుముందు నేనెప్పుడూ అలా చూడలేదు. ఇన్నేళ్ళూ గోడవైపు తిరిగి ఉన్న బొమ్మలు పదిమంది వైపు తిరుగుతాయని ఆవిడ అనుకోలేదు. ఆ హాల్లో ఏ గోడకి వెలుతురు ఎటు నుంచి వస్తుందని యజమానిని అడగడం కూడా మొదలుపెట్టింది.

ఆయన చేపలావిడ బొమ్మ దగ్గర ఆగాడు. "గిది గూడ మంచిగనే ఉంది గని, నడుమే జర ఎక్కువైంది. సిటీకెళ్లి కస్టమర్లు ఫ్యామిలీలతోని వస్తరు వదినా. జర సన్నగ చెయ్యి."

"నడుం సన్నగా చేస్తే తట్ట ఎక్కడ పెట్టుకుంటుందండీ?" అంది మా ఆవిడ.

ఆయన నవ్వాడు కానీ పట్టు వదల్లేదు. గేటు దగ్గర బండి ఎక్కుతూ నాతో అన్నాడు: "గదొక్కటి సరిచేస్తె ఆరు వెడ్త అన్నా. లేదంటే ఒక్కటి గూడ వద్దు, జలపాతాల పోస్టర్లు తెప్పిస్త. నువ్వున్నవ్ గదా, జర అడ్జస్ట్ చెయ్యి."

అడ్జస్ట్ అనే మాట వినపడితే నా చేయి దానంతటదే రబ్బరు వైపు పోతుంది. అలవాటు. పైగా నా ఉద్దేశం మంచిదే: ఒక్క నడుము తగ్గితే ఆరు బొమ్మలు గోడెక్కుతాయి, మా ఆవిడ ముఖం ఇందాకటిలాగే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. పార్కులో నేను కోసినంత కూడా కాదు కదా, ఇటు ఒక వేలు, అటు ఒక వేలు. మర్నాడు సెలవు. ఆవిడ కూరగాయలకి బస్టాండు వైపు వెళ్ళినప్పుడు మొదలుపెట్టాను.

పాస్టెల్ అంటే పెన్సిలు గీత కాదని నాకు కాగితం మీద రబ్బరు పెట్టాక తెలిసింది. చెరిగిపోవలసిన చోట చెరగలేదు, పాకింది. నడుము అంచు నుంచి బూడిదరంగు మబ్బు ఒకటి బయల్దేరింది. దాన్ని ఆపుదామని ఇంకాస్త రుద్దాను. మబ్బు చీర మీదికి దిగింది. చేత్తో తుడిచాను. నా అయిదువేళ్ళూ ఆవిడ వీపు మీద అచ్చుపడ్డాయి. రంగు పడడమంటే ఏమిటో ఆ పూట తెలిసింది. చేతులకి, చొక్కాకి, చివరికి ముక్కుకి కూడా పడింది.

మా ఆవిడ సంచీతో వచ్చి మెట్ల మీద ఆగింది. బొమ్మ చూసింది, నా ముక్కు చూసింది. అరుస్తుందనుకున్నాను.

"ఇది పార్కు కాదండీ" అంది. అంతే. లోపలికి వెళ్ళి వంకాయలు నీళ్ళలో వేసుకుంది.

మర్నాడు చేపలావిడ వచ్చింది. వరండాలో బొమ్మ ఎదురుగానే ఉంది. తట్ట దించకుండానే అడిగింది: "నా నడుం ఏడికి వాయె సారూ? దవాఖానల షరీకు చేసిన్రా?"

మా యజమాని, క్లబ్ హౌస్, కస్టమర్లు అంటూ ఏదో చెప్పాను. ఆవిడ మొత్తం విని, తట్ట దించి, కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. నేను కోరిన బొచ్చెని కోసి, తలా తోకా నా గిన్నెలో వేసి, మధ్య ముక్కలన్నీ తన తట్టలో వేసుకుంది.

"ఇదేంటి, నడిమి ముక్కలేవి?"

"నడుం మీకు వడదు గదా సారూ. గా కాడికి అడ్జస్ట్ చేసిన" అని లేచింది.

చాన్నాళ్ళు అదే వరస. మా ఇంట్లో తలకాయ పులుసు, తోక వేపుడు. ముళ్ళు ఏరుకుంటూ నోరు మూసుకుని తిన్నాను. అదొక లెక్క కాదు. అంతకంటే కష్టమైంది ఇడ్లీ. నా ఇడ్లీ మీద వేలిముద్ర కనపడ్డం మానేసింది. మజ్జిగ గ్లాసు తెల్లగా, తలుపు గడియ శుభ్రంగా, ఇల్లంతా కడిగిన ముత్యంలా ఉంది. రంగుల డబ్బా అలమార పైన ఉంది, దాని మీద ఆవిడ మడతపెట్టిన దుప్పట్లు పెట్టింది. చప్పటి ఇడ్లీలు నోట్లో పెట్టుకుని, ఒకే ఒక్క నీలం మరక కోసం పళ్ళెం తిప్పి తిప్పి చూసేవాణ్ణి. సారీ చెప్పాను. "సరేలెండి" అంది. సరేలెండి అన్న మాటకి వెనక ఎంత తలుపు ఉంటుందో పెళ్ళయిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

దుప్పట్లు దింపింది చేపలావిడే. ఒకరోజు చేపలన్నీ అమ్ముకుని, ఖాళీ తట్టతో వచ్చి వరండాలో నిలబడింది.

"తియ్యి చెల్లె రంగులు. సారు వోగొట్టిన నడుం నువ్వే తెచ్చియ్యాలె."

"ఇప్పుడెందుకక్కా? వాళ్ళు పెట్టరు కదా."

"వెట్టకుంటె మాయె, నా బొమ్మ నడుం లేకుంట ఉంటదా?" అని గొంతు తగ్గించింది. "చెర్వు కాడికెళ్లి ఊళ్ళెకు బాట గాడికెళ్లే ఉండె. ఇప్పుడు మీ వెంచరోళ్ళు గేటు వెట్టిర్రు. తట్టతోని పోతె వాచ్‌మన్ రానియ్యడు, సుట్టు తిరిగి పోతున్న. నేనెట్లన్న గాని, నా బొమ్మన్న లోపటికి పోతది అనుకున్న."

ఆ గేటు ఎక్కడ పెట్టాలో కాగితం మీద గీసినవాణ్ణి నేనే. లోపలికి వెళ్ళి, అలమార పైన దుప్పట్లు తీసి మంచం మీద వేసి, డబ్బా తెచ్చి మా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ నావైపు చూడలేదు కానీ డబ్బా మూత తీసింది. నేను పులిమిన మబ్బుని తుడవలేదు. దాని మీదే ముదురు రంగులు వేసి, దాన్ని వీపు మీద సాయంత్రం నీడగా మార్చింది. నడుము దగ్గరికి వచ్చేసరికి, నేను తీసిన రెండు వేళ్ళూ తిరిగిచ్చి, పైన ఇంకో వేలు చేర్చింది. మర్నాడు పొద్దున నా ఇడ్లీ మీద ఇటుకరంగు ముద్ర. పక్కకి తీసిపెట్టకుండా తినేశాను.

ఇంతలో ఈ సంగతి మా యజమాని ఇంటిదాకా పోయింది. ఆయనే నవ్వుతూ చెప్పుకున్నట్టున్నాడు, గీసినావిడ నడుం తగ్గించనందని. ఒక మధ్యాహ్నం ఆయన భార్య ఆటోలో మా ఇంటికొచ్చింది, ఒడి నిండా పట్టేన్ని కందికాయలు సంచీలో పట్టుకుని. భారీ మనిషి. బంగారం, పట్టుచీర, మోచేతి దాకా పనిచేసిన చేతులు. నేను కుర్చీ వేస్తే, "గదెందుకు" అని నేల మీదే కూర్చుంది.

చేపలావిడ బొమ్మ వైపు చాలాసేపు చూసింది. "గీమె నా లెక్కనే ఉన్నది" అంది.

తర్వాత కందికాయలు ఒలుస్తూ మా ఆవిడతో మాట్లాడింది. "మా ఇంట్ల ఫొటోలన్నిట్ల నన్ను ఎన్క వరసల నిలవెడ్తరు అక్కా. ముందు నిలవడితె ఫొటో నిండిపోతదట. బ్రోచర్ల ఫ్యామిలీ ఫొటో వేసిర్రు, గందుల నా తలకాయొక్కటే ఉన్నది. ముగ్గురు పిల్లలను మోసింది తలకాయేనా?"

మా ఆవిడ అప్పటికే గీస్తోంది. యజమాని భార్య గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది, జారుముడి, మెడ కింద పెసరగింజంత పుట్టుమచ్చ, చీరకీ రవికెకీ నడుమ విశాలంగా, నిబ్బరంగా నడుము. ఒడిలోంచి పక్కకి పడుతున్న కందిపొట్టు. బొమ్మ పూర్తయ్యాక ఆవిడ ఇటు తిరిగి చూసుకుంది. కళ్ళు తుడుచుకుంది, అది పొట్టు దుమ్మేనంది.

"క్లబ్ హౌజ్ల ఏం వెట్టాల్నో ఆయనకేం ఎర్క? నేను జెప్త. ఆరు గాదు, ఏడు వెట్టుండ్రి. ఏదీ ముట్టద్దు, ఎట్లున్నవి గట్లనే. ఇంగ గిది నాదని ఆయనకు చెప్పకుండ్రి. గుర్తువడ్తడో లేదో సూద్దాం."

బస్టాండు దగ్గర దేవుడి పటాలు కట్టే షాపులో ఫ్రేములు కట్టించాం. అద్దం రంగుకి తగలకుండా మధ్య సందు వదలాలని మా ఆవిడ దగ్గరుండి చెప్పింది. గోడలకి మేకులు నేనే కొట్టాను, ఒక్క మేకూ అడ్జస్ట్ చేయకుండా.

క్లబ్ హౌస్ ప్రారంభం రోజున చేపలావిడ ఖాళీ చేతులతో, ఉతికిన చీరతో వచ్చింది. గేటు దగ్గర మా ఆవిడ ఎదురెళ్ళి చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. చేపలావిడ తన బొమ్మ ముందు నిలబడి, నడుం మీద చేయి వేసుకుని, బొమ్మ నడుంతో పోల్చుకుంది. "ఒక ఏలు ఎక్కువనే ఇచ్చినవ్ చెల్లె" అని మురిసిపోయింది. సిటీ నుంచి వచ్చిన ఆడవాళ్ళు బొమ్మల ముందు నిలబడుతున్నారు. నిజంగానే నిలబడుతున్నారు. మా ఆవిడ ఒక మూల నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ వాళ్ళ వీపులు చూస్తోంది.

అప్పుడొచ్చాడు మా యజమాని, తెల్లబట్టల్లో. ఒక్కో బొమ్మా దాటుకుంటూ వచ్చి, ఏడోదాని దగ్గర ఆగాడు. ఆయన భార్య పళ్ళెంలో లడ్డూలతో ఆయనకి నాలుగడుగుల వెనకే ఉంది. ఆయన చూడలేదు. బొమ్మని చూశాడు: జారుముడి, పుట్టుమచ్చ, నడుము, కందిపొట్టు. మళ్ళీ చూశాడు. ఆవిడ పళ్ళెం పట్టుకుని ఎదురుచూస్తోంది.

ఆయన నా భుజం మీద చేయి వేసి, చెవిలో గొణిగాడు. "గిదెవరో గని, గా చేపలామె కంటె గూడ ఎక్కువుంది. కస్టమర్లు వోయినంక జర అడ్జస్ట్ చెయ్యన్నా."

చాన్నాళ్ళుగా తిన్న తలలూ తోకలూ, తెల్లటి ఇడ్లీలూ అన్నీ నాకు ఒక్కసారి గుర్తొచ్చాయి. జేబులోంచి నా రబ్బరు తీశాను. ఒక అంచు ఇంకా బూడిదరంగుగానే ఉంది. హాలంతా వినపడేలా, నా గొంతులో ఉన్న మర్యాదంతా కూడదీసుకుని అడిగాను:

"ఎంత తగ్గించమంటారు సార్, ఈవిడ నడుం?"

వెనక నుంచి పళ్ళెం చప్పుడు.

"అవ్, ఎంత తగ్గియ్యాల్నో చెప్పు" అంది ఆయన భార్య.

ఆయన తిరిగాడు. ఆవిడని చూశాడు, బొమ్మని చూశాడు. ఆవిడ పక్కకి తిరిగి మెడ మీద ముడి ఒక చేత్తో పైకెత్తి చూపించింది. పెసరగింజంత పుట్టుమచ్చ. ఆయన ముఖంలో మా ఆవిడ డబ్బాలో లేని రంగులు కూడా వచ్చి వెళ్ళాయి.

"తగ్గించుడు గాదే," అన్నాడు నీరసంగా, "ఫ్రేం జర చిన్నగైంది అంటున్న."

"అయితే పెద్ద ఫ్రేం తెప్పియ్యి."

చేపలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ మొట్టమొదటిసారి, నేను రబ్బరు పట్టిన ఆ మధ్యాహ్నం నుంచి మొట్టమొదటిసారి, నావైపు చూసి నవ్వింది. నేను రబ్బరుని మా యజమాని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, "ఇక మీ దగ్గరే ఉంచుకోండి సార్" అని, లడ్డూ ఒకటి అందుకుని, అక్కడి నుంచి నేనూ వెన్ను చూపించాను.